ఎన్‌ఎఫ్ఎల్ గేమ్ ఒక్క సంస్థే ఎందుకు చేస్తుంది? ఐపీఎల్‌కూ ఇదే గతి పడుతుందా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పి మొదలుపెడతాను. మీరు హైదరాబాదులో ఒక చిన్న గేమ్ స్టూడియోలో పనిచేస్తూ మొబైల్ ఫోన్లకు క్రికెట్ గేమ్ తయారుచేసే ఆలోచనలో ఉన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి మ్యాడెన్ తప్ప చెప్పుకోదగ్గ మరో గేమ్ ఎందుకు లేదు, ఒక్కరికే హక్కులన్నీ కట్టబెట్టడాన్ని చట్టం ఒప్పుకుంటుందా, రేపు ఐపీఎల్ హక్కులు కూడా అలాగే ఒకరి చేతికి పోతే మీవంటి వారు ఏం చేయాలి అని అడిగారు. లైసెన్సింగ్ ఒప్పందాల ముసాయిదాలు రాయడం, అవతలివారు రాసినవి చదివి తప్పులు పట్టడం నా వృత్తి కాబట్టి, మూడింటికీ కలిపి కొంచెం వివరంగానే జవాబిస్తాను.

ముందుగా ఒక మాట. ఇటువంటి ఒప్పందాల్లో గేమ్ సంస్థ లీగు పేరును కొనుక్కుంటున్నదని బయటివారు అనుకుంటారు. పేరు మామూలు లైసెన్సుతో కూడా దొరుకుతుంది. ఎక్స్‌క్లూజివ్, అంటే ఇంకెవరికీ ఇవ్వకూడదన్న ఒక్క పదానికి అదనంగా చెల్లించే సొమ్మంతా పోటీదారు లేకుండా చేసుకోవడానికే. సంక్రాంతికి ఊళ్లో ఉన్న థియేటర్లన్నీ ముందే ఒకే సినిమాకు రాయించుకుంటే, అవతలి సినిమా ఎంత బాగున్నా ప్రేక్షకుడికి కనబడదు, ఇదీ అంతే. అయితే అలా థియేటర్లన్నీ ఒక్క సంతకంతో అప్పగించగలిగినవారు ఒకరు ఉండాలి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు అయిన ఎన్‌ఎఫ్ఎల్‌లో అటువంటివారు ఉన్నారు. క్రికెట్‌లో ఇప్పటికైతే లేరు. మీకు ఇబ్బందీ, అవకాశమూ రెండూ అక్కడి నుంచే వస్తాయి.

మ్యాడెన్ కథ 2004 నుంచి చెప్పాలి. ఆ ఏడాది జులైలో సెగా సంస్థ ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్ఎల్ 2కె5 అనే గేమ్‌ను 19.99 డాలర్లకు మార్కెట్లోకి తెచ్చింది. దాన్ని తయారుచేసింది కాలిఫోర్నియాలోని విజువల్ కాన్సెప్ట్స్ స్టూడియో, అమ్మకాల్లో భాగస్వామి టేక్-టూ అనే మరో గేమ్ సంస్థ. కొత్త గేమ్ అంటే 50 డాలర్లు అన్నది అప్పటి రివాజు. పైగా అది చవకగా దొరుకుతున్న నాసిరకం సరుకేమీ కాదు. టీవీలో మ్యాచ్ చూస్తున్నట్టే ఉండే దాని ప్రసార శైలిని ఇవాళ్టికీ గుర్తుచేసుకునేవారు ఉన్నారు. ఆగస్టులో 49.95 డాలర్లకు వచ్చిన మ్యాడెన్ ఎన్‌ఎఫ్ఎల్ 2005 సీజన్ ముగిసేలోగానే 29.95కు దిగింది. కొనుగోలుదారులకు పండగే. ఆ పండగ ఒక్క సీజన్‌తో సరి. 2004 డిసెంబరు 13న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఎన్‌ఎఫ్ఎల్‌తోనూ, ఆటగాళ్ల సంఘానికి చెందిన ప్లేయర్స్ ఇన్‌క్ అనే లైసెన్సింగ్ సంస్థతోనూ ఐదేళ్ల ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం ప్రకటించింది. జట్లు, స్టేడియంలు, ఆటగాళ్లు అన్నీ దానిలోకే వచ్చాయి. మరుసటి నెలలోనే ఈఎస్‌పీఎన్ పేరును కూడా 15 ఏళ్లకు రాయించుకుంది. నెలన్నర తిరిగేసరికి పోటీ గేమ్‌కు లీగు లేదు, ఛానెల్ పేరూ లేదు. సెగా తన విజువల్ కాన్సెప్ట్స్ స్టూడియోను టేక్-టూకు అమ్మేసి పక్కకు తప్పుకుంది.

ఈ కథను చాలామంది పెద్ద సంస్థ చిన్న సంస్థను మింగేసిన వైనంగా చెబుతారు. నా దృష్టిలో అది సగం నిజమే. లీగు వైపు నుంచి చూడండి. గేమ్ లైసెన్సులో లీగుకు వచ్చేది సాధారణంగా టోకు ధర మీద రాయల్టీ, దానికి తోడు అమ్మకాలతో నిమిత్తం లేకుండా చెల్లించవలసిన కనీస హామీ మొత్తం. లైసెన్సు పొందినవారు ఒకరితో ఒకరు పోటీపడి ధర 50 నుంచి 20కి దించితే, ప్రతి కాపీ మీద రాయల్టీ కూడా ఆ మేరకు పడిపోతుంది. తన పేరున్న సరుకు చవకబారుగా కనిపించడం లీగుకు అసలే నచ్చదు. ఒక్కరికే ఇస్తే ధర నిలబడుతుంది, హామీ మొత్తం పెరుగుతుంది, ఆమోదాల కోసం ఒకే సంస్థతో మాట్లాడితే చాలు. ఎన్‌ఎఫ్ఎల్‌కు ఈ పద్ధతి కొత్త కూడా కాదు. 2000 సంవత్సరంలోనే టోపీలు, దుస్తుల హక్కులను పదేళ్లకు రీబాక్ ఒక్కదానికే ఇచ్చి, అప్పటిదాకా టోపీలు కుడుతున్న ఇతర తయారీదారుల లైసెన్సులను కొనసాగించకుండా ఆపేసింది. కాబట్టి వీడియో గేమ్‌ల విషయంలో జరిగింది ఆ టోపీల లెక్కే.

ఇక ఒక్క సంతకం సంగతి. నిజానికి ఇక్కడ కావలసినవి రెండు సంతకాలు, ఒకటి లీగుది, రెండవది ఆటగాళ్లది. జట్ల పేర్లు, రంగులు, లోగోలు లీగు చేతిలో ఉంటాయి. ఆటగాడి పేరు, ముఖం, జెర్సీ నంబరుతో కూడిన గుర్తింపు అతని సొంతం. అమెరికాలో ఆటగాళ్ల సంఘాలు గ్రూప్ లైసెన్సింగ్ అనే ఏర్పాటుతో ఈ రెండవ సమస్యను పరిష్కరించుకున్నాయి. ఎన్‌ఎఫ్ఎల్ ఆటగాళ్ల సంఘంలో, ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఆటగాళ్లను కలిపి వాడే ఏ సరుకుకైనా సంఘమే అందరి తరఫున హక్కు ఇస్తుంది. ఆ ఏర్పాటు లేకపోతే వందల మంది ఏజెంట్లతో వేర్వేరుగా బేరం చేయవలసి వచ్చేది. ఎక్స్‌క్లూజివ్ అన్న మాటే పుట్టేది కాదు.

ఈ గొడుగు కింద లేనివారి పరిస్థితి చూస్తే దాని విలువ తెలుస్తుంది. బేస్‌బాల్‌లో హోమ్‌రన్ల రికార్డులు బద్దలు కొట్టిన నల్లజాతి ఆటగాడు బ్యారీ బాండ్స్ 2003లో తన సంఘం గ్రూప్ లైసెన్సు నుంచి బయటికి వచ్చి సొంతంగా బేరాలు చేసుకున్నాడు. ఫలితంగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి ఎంవీపీ బేస్‌బాల్ 2005లో శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ జట్టు లెఫ్ట్ ఫీల్డ్‌లో జాన్ డౌడ్ అనే తెల్లవాడు నిలబడి ఉంటాడు, బంతిని మాత్రం అచ్చం బాండ్స్ లాగే బాదుతాడు. ఇంతకన్నా ఘాటైన ఉదాహరణ మ్యాడెన్‌లోనే ఉంది. పాత తరం జట్లను గేమ్‌లో పెట్టినప్పుడు, రిటైరైన ఆటగాళ్లకు సొమ్ము చెల్లించనక్కరలేకుండా వారి గుర్తులను తారుమారు చేయమని సంఘం లైసెన్సింగ్ విభాగం నుంచి గేమ్ సంస్థకు వెళ్లిన సందేశం కోర్టులో బయటపడింది. 2008 నవంబరులో జ్యూరీ రిటైరైన ఆటగాళ్లకు 2.81 కోట్ల డాలర్లు ఇప్పించింది. ఆటగాళ్ల కోసమే పుట్టిన సంఘం మీద వచ్చిన తీర్పు అది. పేరు తీసేసి మనిషిని ఉంచుకోవచ్చు అనుకునే స్టూడియోలు ఈ కేసును ఒకసారి చదవాలని నేను ఎప్పుడూ చెబుతుంటాను.

లైసెన్సు పోగొట్టుకున్న టేక్-టూ 2007లో ఆల్-ప్రో ఫుట్‌బాల్ 2కె8 తెచ్చింది. లీగు దొరకలేదు కాబట్టి కల్పిత జట్లు పెట్టుకుని, రిటైరైన దిగ్గజాలతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. అట్ట మీద జాన్ ఎల్వే, జెర్రీ రైస్, బ్యారీ శాండర్స్. ఆట పరంగా మంచి పేరే వచ్చింది గానీ రెండో భాగం రాలేదు. ఆదివారం టీవీలో చూసిన జట్టునే సోమవారం ఆడుకోవాలనుకునే అభిమానికి కల్పిత జట్టు ఎక్కదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలను అడిగినా ఇదే చెబుతారు, వారికి డాలస్ కౌబాయ్స్ కావాలి, న్యూయార్క్ జయంట్స్ కావాలి.

చట్టం సంగతికి వస్తాను. ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు దానంతట అది నేరం కాదు. మేధోసంపత్తి ఉన్నవారు దాన్ని ఒక్కరికే ఇచ్చుకోవడం ప్రతి దేశంలోనూ మామూలే. చిక్కు వేరే చోట ఉంది. లీగు అంటే ఒక్క వ్యాపారమా, లేక విడివిడి వ్యాపారులు చేసుకున్న కూటమా? టోపీల లైసెన్సు పోగొట్టుకున్న అమెరికన్ నీడిల్ అనే సంస్థ సరిగ్గా ఈ ప్రశ్ననే కోర్టుకు తీసుకెళ్లింది. 2010 మేలో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో, ఎన్‌ఎఫ్ఎల్‌లోని 32 జట్లు తమ పేర్లు, లోగోల వ్యాపారంలో వేర్వేరు ఆర్థిక శక్తులేననీ, అవి కలిసి ఒక్కరికే హక్కులు ఇవ్వడం పోటీ చట్టం పరిశీలనకు అతీతం కాదనీ తేల్చింది. ఒప్పందం చెల్లదని మాత్రం అనలేదు. మంచిచెడ్డలు తూచి చూడమని కేసును కింది కోర్టుకు పంపింది. ఈ తేడాను పత్రికల్లో చాలామంది పట్టించుకోలేదు.

గేమ్‌ల మీద నేరుగా వచ్చిన కేసు పెకోవర్ వర్సెస్ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. 2008లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో కొనుగోలుదారులు వేసిన ఈ దావాలో ముఖ్యమైన వాదన ధరల గురించే: పోటీ ఉన్న ఏడాది 29.95కు దిగిన గేమ్, పోటీ పోయిన మరుసటి ఏడాది 49.95కు అమ్ముడైంది. 2012లో సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 2.7 కోట్ల డాలర్లకు రాజీపడింది. కళాశాల ఫుట్‌బాల్, అరీనా ఫుట్‌బాల్ లైసెన్సులను ఐదేళ్లపాటు ఎక్స్‌క్లూజివ్‌గా తీసుకోబోనని కూడా హామీ ఇచ్చింది. గమనించండి, ఆ హామీలో ఎన్‌ఎఫ్ఎల్ లేదు. అసలు వివాదానికి మూలమైన ఒప్పందం చెక్కుచెదరలేదు, ఆ తరువాత పొడిగింపులు కూడా పొందింది. 2020 మార్చిలో ఎన్‌ఎఫ్ఎల్ టేక్-టూ వారి 2కె విభాగంతో మళ్లీ ఒప్పందం చేసుకున్నప్పుడు అభిమానులు సంబరపడ్డారు గానీ, అది సిమ్యులేషన్ కాని గేమ్‌లకే పరిమితం. నిజమైన ఆటను నిజమైనట్టు ఆడించే గేమ్‌ను తయారుచేసే హక్కు ఇప్పటికీ ఒక్కరిదే. సిమ్యులేషన్ అన్న ఒక్క పదం రెండు దశాబ్దాల వ్యాపారాన్ని ఎలా విడదీసిందో చూశారా? ఒప్పందంలో విభాగాల నిర్వచనం రాసే పేరా దగ్గర నేను గంటల తరబడి కూర్చునేది అందుకే.

ఎక్స్‌క్లూజివ్ తీసుకున్నవాడు ఎప్పుడూ బాగుపడతాడని కూడా అనుకోకండి. మ్యాడెన్ దెబ్బకు ప్రతీకారంగా టేక్-టూ 2005 జనవరిలో మేజర్ లీగ్ బేస్‌బాల్ హక్కులను దక్కించుకుంది. 2006 నుంచి 2012 దాకా. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి ఎంవీపీ బేస్‌బాల్ ఆ దెబ్బతో ఆగిపోయింది. కానీ ఆ ఒప్పందంలో ఒక మినహాయింపు ఉంది: కన్సోల్ (గేమ్‌లు ఆడే యంత్రం) తయారీదారులు తమ సొంత యంత్రాలకు సొంతంగా బేస్‌బాల్ గేమ్ చేసుకోవచ్చు. ఆ సందులోంచి సోనీ ది షో అనే వరుసను పెంచి పెద్దచేసింది. టేక్-టూకు సోనీ యంత్రమైన ప్లేస్టేషన్ మీద పోటీ తప్పలేదు, హామీ మొత్తం చెల్లించక తప్పలేదు. ఆ ఒప్పందం నష్టాలే తెస్తున్నదని యాజమాన్యమే బాహాటంగా చెప్పుకుంది. 2013లో చివరి గేమ్ విడుదల చేసి తప్పుకుంది. ఆ తరువాత ఏం జరిగిందన్నది ఇంకా ఆసక్తికరం. తలుపు తెరుచుకున్నా ఎవరూ లోపలికి రాలేదు. ఎక్స్‌బాక్స్ కొనుక్కున్నవారికి 2021 ఏప్రిల్ దాకా, అంటే లీగు ఒత్తిడితో సోనీ గేమ్ అటు కూడా వచ్చేదాకా, సరైన బేస్‌బాల్ సిమ్యులేషనే లేదు. ఎక్స్‌క్లూజివ్ వల్ల అసలు నష్టం నా ఉద్దేశంలో ఇదే. ధర పెరగడం కళ్లకు కనిపిస్తుంది. పోటీ స్టూడియోలో బంతి భౌతికశాస్త్రం తెలిసిన ఇంజనీర్లు, ఆటగాళ్ల కదలికలను రికార్డు చేసి పోగుచేసిన సరంజామా చెల్లాచెదురైపోవడం ఎవరికీ కనిపించదు. గడువు ముగిసిన మర్నాడు వాటిని మళ్లీ కొనుక్కురాలేరు.

ఇంకా అన్యాయమైనది నిద్రపోయే లైసెన్సు. మోటార్‌స్పోర్ట్ గేమ్స్ అనే సంస్థ 2021లో అమెరికా ఇండీకార్ రేసుల గేమ్ హక్కులు తీసుకుంది. గేమ్ వాయిదాలు పడుతూ వచ్చి, చివరికి రానే లేదు. 2023 నవంబరులో ఒప్పందం రద్దయింది. ఈలోగా ఆ ఎక్స్‌క్లూజివ్ కారణంగా, ఎప్పటి నుంచో ఇండీకార్ రేసులు నడుపుతున్న ఐరేసింగ్ అనే సిమ్యులేషన్ వేదిక వాటిని ప్రసారం చేయలేకపోయింది. గేమ్ చేయనివాడు చేసేవాడిని ఆపేశాడు. లైసెన్సు తీసుకున్న ఇన్ని నెలల్లో గేమ్ విడుదల చేయకపోతే ఎక్స్‌క్లూజివ్ దానంతట అదే మామూలు లైసెన్సుగా మారిపోతుందన్న షరతు ఒక్కటి రాసుకుని ఉంటే లీగుకు ఈ తలనొప్పి తప్పేది.

సాకర్‌లో పరిస్థితి వేరు. అక్కడ హక్కులు నూరుచోట్ల ఉన్నాయి: లీగులు, క్లబ్బులు, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ, ఆటగాళ్ల ప్రపంచ సంఘం ఫిఫ్‌ప్రో, అన్నిటిపైన ఫిఫా. మీరు ఆడిన ఫిఫా 20లో క్రిస్టియానో రొనాల్డో పియెమోంటే కాల్చో అనే ఊరూపేరూ లేని క్లబ్బు చొక్కా వేసుకుని కనిపించడం గుర్తుండే ఉంటుంది. 2019 జులైలో యువెంటస్ తన పేరు, చిహ్నం, స్టేడియం హక్కులను కొనామి అనే పోటీ గేమ్ సంస్థకు ఎక్స్‌క్లూజివ్‌గా ఇచ్చింది. అయితే రొనాల్డో ముఖం, పేరు క్లబ్బువి కావు; అవి వేరే దారిలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఉన్నాయి. అందుకే మనిషి అసలువాడు, చొక్కా మాత్రం దొంగది. అంతకు ముందు ఏళ్లలో కొనామి గేమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను మ్యాన్ రెడ్ అని పిలవవలసి వచ్చింది. ఆడేవారు నవ్వుకున్నారు, తరువాత ఇంటర్నెట్ నుంచి అసలు పేర్ల ఫైలు దించుకుని సరిచేసుకున్నారు.

ఈ చెదిరిన హక్కులు గేమ్ సంస్థకు ఒకరోజు బలంగా మారాయి. 1993 నుంచి గేమ్ మీద తన పేరు అద్దెకిస్తున్న ఫిఫా, నాలుగేళ్ల ప్రపంచకప్ కాలానికి వంద కోట్ల డాలర్లకు పైగా అడిగిందని 2021లో పత్రికలు రాశాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లెక్క వేసుకుంది. ఫిఫా దగ్గర ఉన్నది పేరు, ప్రపంచకప్. వారం వారం జనం ఆడేది ప్రీమియర్ లీగు, లా లీగా, అందులోని వేలాది ఆటగాళ్లు, ఆ లైసెన్సులు విడిగా మూడు వందలకు పైగా తన దగ్గరే ఉన్నాయి. 2022 మేలో విడిపోతున్నట్టు ప్రకటించి, 2023 సెప్టెంబరులో ఎఫ్‌సీ 24 అనే కొత్త పేరుతో అదే గేమ్‌ను అమ్మింది. ఆ విడుదలకు కొద్ది రోజుల ముందే పాత ఫిఫా గేమ్‌లు డిజిటల్ దుకాణాల నుంచి మాయమయ్యాయి. లైసెన్సు గడువు ముగిశాక అమ్మకం ఎన్నాళ్లు సాగవచ్చో మీ ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే మీ గేమ్ గతి కూడా అదే.

క్రికెట్ దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో నెట్ సెంటర్లలో, కాలేజీ హాస్టళ్లలో ఒక తరం మొత్తం ఆడిన ఈఏ క్రికెట్ 07లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్లకే పూర్తి లైసెన్సు ఉండేది; మనవాళ్ల పేర్లు వంకరటింకరగా ఉండేవి. పెన్ డ్రైవుల్లో చేతులు మారిన ప్యాచ్‌లే (పేర్లు సరిచేసే ఫైళ్లే) సచిన్‌ను సచిన్‌ను చేశాయి. 2014లో మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్ డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 కోసం ఇంకో దారి పట్టింది. పెద్ద జట్ల లైసెన్సులు లేవు కాబట్టి, ఆటగాళ్లను ఎవరికి వారు తయారుచేసుకుని ఇతరులతో పంచుకునే అకాడమీని గేమ్ కన్నా ముందే విడుదల చేసింది. సంస్థ కల్పిత పేర్లు ఇచ్చింది, అభిమానులే అసలు ఆటగాళ్లను నింపుకున్నారు. చిన్న స్టూడియో తెలివితేటలకు అంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

క్రికెట్‌లో ఎన్‌ఎఫ్ఎల్ తరహా ఒప్పందం ఎందుకు కష్టమో ఇప్పుడు చెప్పడం తేలిక. ప్రపంచకప్ పేరు, చిహ్నం ఐసీసీవి. భారత జట్టు పేరు, జెర్సీ బీసీసీఐవి. ఐపీఎల్ పేరు బీసీసీఐది, కానీ చెన్నై, ముంబయి, హైదరాబాద్ పేర్లు, రంగులు ఆయా ఫ్రాంచైజీలవి. ఆటగాళ్ల ముఖాలు వారి వారి మేనేజర్ల చేతిలో ఉన్నాయి. ఇతర దేశాల క్రికెటర్లకు ప్రపంచ క్రికెటర్ల సంఘం, దాని తరఫున లైసెన్సులు ఇచ్చే విన్నర్స్ అలయన్స్ ఉన్నాయి గానీ, ఆడుతున్న భారత క్రికెటర్లకు అటువంటి సంఘమే లేదు. బీసీసీఐ సంస్కరణల కోసం సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ సిఫారసుల పుణ్యమా అని 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవారిది మాత్రమే. రెండవ సంతకం పెట్టవలసిన చెయ్యి లేనప్పుడు ఎక్స్‌క్లూజివ్‌ను ఎవరు అమ్ముతారు? బీసీసీఐ తలచుకుంటే ఐపీఎల్ పేరును ఒక్కరికే ఇవ్వగలదు. ఆ ఒక్కరికి పది ఫ్రాంచైజీలూ, రెండు వందలకు పైగా ఆటగాళ్లూ కూడా దొరకడం వేరే సంగతి.

ఒకవేళ అదే జరిగినా మన పోటీ చట్టానికి పళ్లు లేకపోలేదు. 2002 నాటి పోటీ చట్టం మూడవ సెక్షన్ ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలను పోటీకి గణనీయమైన హాని జరిగితేనే తప్పుపడుతుంది, మేధోసంపత్తి రక్షణకు అవసరమైన సహేతుక షరతులను మినహాయిస్తుంది. కాబట్టి లైసెన్సు ఇవ్వడమే తప్పు అన్న వాదన నిలబడదు. నాలుగవ సెక్షన్ మాత్రం పెత్తనం ఉన్నవారి మీద నేరుగా పనిచేస్తుంది. ఐపీఎల్ ప్రసార హక్కుల ఒప్పందంలో, పదేళ్లపాటు పోటీ లీగును నిర్వహించబోమనీ గుర్తించబోమనీ బీసీసీఐ హామీ ఇచ్చినందుకు, పోటీ కమిషన్ 2013లో 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వును అప్పీలు ట్రిబ్యునల్ కొట్టివేసింది, 2017లో కమిషన్ మళ్లీ అంతే మొత్తం విధించింది. హక్కులు ఒకరికి ఇవ్వడం వేరు, ఆ ఒకరి కోసం ఇంకెవరూ పుట్టకుండా చూస్తానని మాటివ్వడం వేరు. కమిషన్ పట్టుకున్నది రెండవదాన్ని.

ఇక మీ గేమ్. లైసెన్సు లేకుండా అసలు పేర్లు వాడవచ్చా అని మీరు నేరుగా అడగలేదు గానీ, ప్రశ్న వెనక అదే ఉందని నాకు అనిపిస్తున్నది. అమెరికాలో రెండు రకాల తీర్పులు ఉన్నాయి. ఫాంటసీ బేస్‌బాల్‌లో ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు ఎవరైనా వాడుకోవచ్చని 2007లో ఒక అప్పీలు కోర్టు చెప్పింది. కళాశాల ఫుట్‌బాల్ గేమ్‌లో పేరు లేకపోయినా, అదే నంబరు, అదే ఎత్తు, అదే బరువు, అదే సొంత రాష్ట్రం ఉన్న బొమ్మను పెట్టడం ఆటగాడి హక్కును ఉల్లంఘించడమేనని 2013లో రెండు వేర్వేరు అప్పీలు కోర్టులు చెప్పాయి. ఆ వ్యాజ్యాల తరువాత ఆ గేమ్ 2014 నుంచి పదేళ్లు ఆగిపోయింది. 2024లో తిరిగి వచ్చినప్పుడు ఒక్కొక్క ఆటగాడికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇస్తామని అడిగి మరీ పెట్టుకున్నారు. మన దగ్గర 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డిజిటల్ క్రికెట్ కార్డుల కేసులో, బహిరంగంగా దొరికే పేర్లు, గణాంకాలను వాడినంత మాత్రాన ఆటగాడి హక్కుకు భంగం కలగదని భావించి మధ్యంతర నిషేధం నిరాకరించింది. దాన్ని చూసి ధైర్యపడేవారు ఉన్నారు. అది మధ్యంతర ఉత్తర్వు అనీ, ఆ తరువాత అదే కోర్టు సినీతారల వ్యక్తిత్వ హక్కులను గట్టిగా కాపాడుతూ వస్తున్నదనీ, 2025లో మన నాగార్జునకు కూడా అలాంటి రక్షణ దొరికిందనీ వారికి నేను గుర్తుచేస్తుంటాను. స్కోరుబోర్డు మీద పేరు ఒకటి, అతని నడక, గడ్డం, బ్యాటు ఎత్తే తీరు దించిన త్రీడీ బొమ్మ మరొకటి. మీరు తయారుచేసేది రెండవది.

కాబట్టి నా సలహా ఇలా ఉంటుంది. కల్పిత జట్లతో, పేర్లు మార్చుకునే సదుపాయంతో మొదలుపెట్టండి. అయితే అసలు పేర్ల ఫైలును మీ ఉద్యోగులే ఎక్కించి అభిమానులు చేశారని చెప్పకండి, కోర్టులో మీ సర్వర్‌లో నమోదైన రికార్డులే అన్నీ చెబుతాయి. చేతిలో కొంత ఆదాయం కనబడ్డాక మొత్తం లీగు కోసం పోకుండా ఒక్క ఫ్రాంచైజీతోనో, ఒక రాష్ట్ర క్రికెట్ సంఘం నడిపే లీగుతోనో, లేదా విన్నర్స్ అలయన్స్ ద్వారా విదేశీ ఆటగాళ్ల బృందంతోనో ఎక్స్‌క్లూజివ్ కాని చిన్న లైసెన్సు అడగండి. హామీ మొత్తం తక్కువగా, రాయల్టీ శాతం కాస్త ఎక్కువగా ఉండేలా బేరం చేయండి, ఎందుకంటే గేమ్ అమ్ముడుపోకపోతే మిమ్మల్ని ముంచేది హామీయే. ఒప్పందంలో మొబైల్ గేమ్ అంటే ఏమిటో, సిమ్యులేషన్ అంటే ఏమిటో మీ మాటల్లో రాయించుకోండి. లీగు తరువాత ఎప్పుడైనా ఇంకొకరికి ఎక్స్‌క్లూజివ్ ఇచ్చినా, మీ గడువు ముగిసేదాకా మీ హక్కుకు భంగం కలగదని, ముగిశాక కనీసం ఆరు నెలలు ఉన్న గేమ్‌ను అమ్ముకోవచ్చని ఒక క్లాజు పెట్టించండి. పెద్దగా బేరమాడే బలం లేని స్టూడియోలకు కూడా ఈ క్లాజు దొరుకుతుంది, ఎందుకంటే ఇచ్చే రోజున లీగుకు దానివల్ల పైసా ఖర్చు ఉండదు.